అరగని గంట్లు

జూన్ 3

మామయ్యకి,

ఫోన్ చేస్తే మీరు "ఊఁ" అంటారు. ఇంకోసారి "ఊఁ" అంటారు. ఆ తర్వాత ఫోన్ అత్తయ్య చేతిలో ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి "ఊఁ" అని జవాబు రాసి కవరు అంటించడం మీకూ బాగుండదు.

మీతో పనిపడింది. నా ఉద్యోగం ఏమిటో మీకు నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, మీరూ అడగలేదు. వ్యవసాయం పుట్టకముందు మనుషులు ఏం తినేవాళ్ళో, వాళ్ళు వదిలేసిపోయిన రాళ్ళను బట్టి కనిపెట్టడం మా పని. రాతి మీద అరుగుదల చూస్తాం, సందుల్లో పిండి రేణువులు ఇరుక్కుని ఉంటే మైక్రోస్కోపులో చూస్తాం. అయిదేళ్ళుగా ఒకే చోట తవ్వుతున్నాం. కిందటేడు అక్కడ ఒక పలక రాయి దొరికింది. మూరెడు పొడుగు, పద్దెనిమిది వేల ఏళ్ళ నాటిది. నా ఉద్దేశంలో అది నూరుడు రాయి. గింజలో దుంపలో నూరి తిన్నారు. మా పెద్దసారు ఉద్దేశంలో అది ఎముకలు పగలగొట్టి లోపలి మజ్జ తిన్న రాయి. ఆయనకు ఏ రాయి చూసినా ఎముకలే గుర్తొస్తాయి, అందుకని ల్యాబులో మేమందరం ఆయన్ని ఎముకల సారు అంటాం, చాటుగా.

తవ్వకం సాగాలో వద్దో తేల్చడానికి డిసెంబరులో కమిటీ కూర్చుంటుంది. ఆయన మాటే నిలిస్తే, అది వేటగాళ్ళు ఓ పూట ఆగిన చోటు, ఇంక చూడాల్సిందేమీ లేదని గుంట పూడ్చేస్తారు. నా అయిదేళ్ళూ అందులోనే పూడుతాయి.

పోల్చి చూడటానికి నాకు కొత్తగా అరగదీసిన రాళ్ళు కావాలి. మా ల్యాబులో వాళ్ళు అరగంట నూరి నడుం పట్టుకుంటున్నారు. మీరు బతుకంతా రాళ్ళతో గడిపారు. పార్సిల్‌లో నాలుగు రాళ్ళు, మూడు సంచులు పంపుతున్నాను. ఒకటో రాయి మీద గడ్డి గింజలు, రెండోదాని మీద ఎండు దుంప ముక్కలు, ఒక్కోదాని మీద నలభై గంటలు నూరాలి. రోజూ రెండు గంటలు చాలు. మూడోదాని మీద ఎముకలు పగలగొట్టాలి. నాలుగోదాన్ని ఏమీ చేయకుండా ఉంచాలి.

రెండే షరతులు. రాళ్ళకు నీళ్ళు తగలకూడదు. ఇనుము తగలకూడదు.

చేస్తారా?

మీ కోడలు

*

జూన్ 14

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

పార్సిల్ అందింది. తెచ్చినతను ఇందులో ఏముంది ఇంత బరువు అన్నాడు. రాళ్ళు అన్నాను. నావైపు చూసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

చిన్నప్పుడు నా పని దగ్గర కూర్చుని రాలిన రాతి ముక్కలన్నీ గౌను జేబులో వేసుకునేదానివి. మీ అమ్మ తిట్టేది. ఇప్పుడు దానికే ఉద్యోగం ఇచ్చారన్నమాట. మంచిదే.

చేస్తాను.

మూడో సంచి మీ అత్తయ్య ఇంట్లో పెట్టనివ్వలేదు. పెరటి గోడ మీద పెట్టాం. ఎదురింటి కుక్క మన గేటు దగ్గర నుంచి కదలడం లేదు.

మీ మామయ్య

*

జూన్ 25

మామయ్యకి,

మీ ఉత్తరం పట్టుకుని ల్యాబంతా తిరిగాను. "చేస్తాను" అన్న మాట చూపించాను. ఎముకల సారుకు కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని "మీ మామయ్యగారు ఏం చేస్తుంటారు?" అన్నారు. పిండిమర రాళ్ళకు గంట్లు పెట్టేవారు, ఇళ్ళకు తిరిగి నూరుడు రాళ్ళకూ పెట్టేవారు, పన్నెండేళ్ళ కిందట మానేశారు అన్నాను. "అయితే ఎముకలు ఆయన బాగానే కొడతారు" అన్నారు. ఆయన నవ్వులో దురుద్దేశం ఉండదు. అదే ఇబ్బంది.

ఇక్కడ నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. ఎదురుగా ఇంకో భవనం గోడ. రోజుకు ఆరు గంటలు మైక్రోస్కోపులో కన్ను పెట్టి, తల ఎత్తితే ఆ గోడ మీద కూడా రేణువులు కనిపిస్తాయి.

నూరేటప్పుడు మీరే నూరాలి, అత్తయ్యతో చేయించకండి. ఇద్దరు నూరితే రెండు రకాల అరుగుదల వస్తుంది. ఏ రోజు ఎన్ని గంటలు నూరారో ఒక కాగితం మీద రాసి ఉంచండి.

మరోసారి చెప్తున్నాను, కడగొద్దు. అత్తయ్యకు కూడా చెప్పండి.

మీ కోడలు

*

ఆగస్టు 9

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

పని అయింది. రాళ్ళు నిన్న పార్సిల్‌కు ఇచ్చాను. గంటలు రాసిన కాగితం లోపల ఉంది.

నీళ్ళు తగల్లేదు. ఇనుము తగల్లేదు.

మన ఇంట్లో రాయి కడక్కుండా ఉంచడం ఇదే మొదలు. మీ అత్తయ్య గుడ్డ పట్టుకుని చుట్టూ తిరిగింది. నేను రాళ్ళ దగ్గరే కూర్చున్నాను.

నాలుగో రాయి బాగా ఉపయోగపడింది. అదీ పంపాను.

మీ మామయ్య

*

ఆగస్టు 30

మామయ్యకి,

కోపంతో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. పూర్తిగా తగ్గలేదు, కానీ రాయక తప్పదు.

రాళ్ళు వచ్చాయి. ఒకటో రాయి, రెండో రాయి నూరినట్టుగా నున్నగా ఉండాలి. రెంటి మీదా నిండా చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. ఎవరు కొట్టారు వాటి మీద? మీరు లేనప్పుడు ఎవరైనా వాటి మీద ఏదైనా పగలగొట్టారా? ఎముకలు పొరపాటున అన్ని రాళ్ళ మీదా కొట్టారా? మా పలక రాయి మీద కూడా అచ్చం ఇలాంటి గుంటలే ఉన్నాయి. అవి ఎముకలు కొట్టిన దెబ్బలు అన్నదే పెద్దసారు వాదన. ఇప్పుడు మీ రాళ్ళు చూసి ఆయన "చూశావా, మీ మామయ్య కూడా నా పక్షమే" అన్నారు.

ఇక నాలుగో రాయి. ఏమీ చేయకుండా ఉంచాల్సిన రాయి. దాని అంచుకు పచ్చరంగు పెయింటు అంటుకుని ఉంది. మైక్రోస్కోపులో పెయింటు ఎంత అందంగా ఉంటుందో మీకు చెప్పలేను. ఎక్కడిది ఆ పెయింటు?

ఒకటీ రెండూ పనికిరావు మామయ్యా. మళ్ళీ చేయడానికి టైము లేదు.

మీ కోడలు

*

సెప్టెంబరు 8

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

నువ్వు రాసింది నిజమే. నాకు తెలుసు. పంపేటప్పుడే తెలుసు.

చెయ్యి వణుకుతోంది. రెండేళ్ళయింది. వరుస తప్పింది. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లోతు కూడా ఒకే తీరున రాలేదు. ఒకప్పుడు నేను పెట్టిన రాయిని చూసి మరవాళ్ళు ఇంకొకరిని పిలిచేవాళ్ళు కాదు. చెప్పుకోకూడదు కానీ నిజం.

రాళ్ళు తిరిగి పంపు. నున్నగా అయ్యేదాకా నూరి, మళ్ళీ సరిగ్గా పెడతాను. నిదానంగా పెడతాను.

నాలుగో రాయి మీ అత్తయ్య తలుపుకు అడ్డం పెట్టింది. ఏమీ చేయొద్దన్నావు. ఊరికే ఉందని పెట్టింది. తలుపు పచ్చరంగు.

మీ మామయ్య

ఇది అత్తయ్య రాస్తున్నది. ఏం రాశావమ్మా ఆయనకు? ఉత్తరం చదివిన దగ్గర్నుంచి సుత్తి ఒళ్ళో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నారు. మాట్లాడకపోవడం మామూలే, సుత్తే కొత్త. తలుపు సంగతి నా పొరపాటు. రాయి మాత్రం చాలా మంచి రాయి, గాలికి ఇసుమంతైనా కదల్లేదు.

*

సెప్టెంబరు 13

మామయ్యకి, అత్తయ్యకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. మూడోసారి చదివి లేచి నిలబడ్డాను. మామయ్యా, ఏ వరుస? ఏం పెట్టారు? ఆ గుంటలు మీరే పెట్టారా? కావాలనే పెట్టారా?

నేను మీ పనిని తప్పుపట్టలేదు. అది పని అని కూడా నాకు తెలియలేదు. మిమ్మల్ని బాధపెట్టానని అత్తయ్య రాస్తే తెలిసింది. మన్నించండి. సుత్తి కింద పెట్టి నాకు రెండే మాటలు రాయండి. ఎందుకు పెట్టారు? దేనితో పెట్టారు?

చేతి వణుకుకు డాక్టరుకు చూపించారా?

మీ కోడలు

*

సెప్టెంబరు 22

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

ఎందుకు అని అడిగావు. ఏం రాయాలో తెలియలేదు. అన్నం ఎందుకు తింటావు అంటే ఏం రాస్తాం.

నూరితే రాయి నున్నబడుతుంది. నున్నబడితే గింజ జారుతుంది, నలగదు. నీ ఒకటో రాయి పద్దెనిమిదో గంటకు నున్నబడింది. నలభై గంటలు నూరమన్నావు. గంట్లు పెట్టకుండా నలభై గంటలు ఎవరూ నూరలేరు. రెండోది కొంచెం ముందే నున్నబడింది. దుంపలో జిగురు ఉంది.

దేనితో అంటే, ఇనుము వద్దన్నావు. ఉలి తీయలేదు. కాలవ గట్టున పలుగురాయి దొరికింది, తెల్లది, గుప్పిట పట్టేంత. దాని మూలతో కొట్టాను. మూల అరిగితే ఇంకో మూల తిప్పాను. ఆలస్యం అయింది కానీ కుదిరింది.

నువ్వు నలభై గంటలు అన్నప్పుడే గంట్లు పెట్టమని చెప్పినట్టు అనుకున్నాను.

ఎముకల రాయి మీద గంట్లు పెట్టలేదు. దానికి అక్కర్లేదు.

డాక్టరు వయసు అన్నాడు.

మీ మామయ్య

*

అక్టోబరు 2

మామయ్యకి,

చిన్నప్పుడు వేసవి అంతా మీ సుత్తి చప్పుడు వింటూ పెరిగాను. నూరే రాయికి గంట్లు పెడతారని మా పుస్తకాల్లోనూ ఉంది, పిండిమరల గురించీ, ఈమధ్య కాలపు రాళ్ళ గురించీ. కానీ పద్దెనిమిది వేల ఏళ్ళ రాయిలో వెతకాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టిన మీరేమో, అదీ ఒక మాటేనా అని చెప్పలేదు.

మేం తవ్వుతున్న గుంటలో ఆ పలక రాయి పక్కనే గుప్పిట పట్టేంత పలుగురాళ్ళు మూడు దొరికాయి. మూలలు అరిగి ఉన్నాయి. ఎముకలు కొట్టే గుండ్లు అని పెద్దసారు చీటీ రాసి పెట్టారు.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. రాతి సందుల్లోంచి మట్టి తీసి పిండి కోసం వెతుకుతాం అన్నాను కదా. తీసిన చోట మళ్ళీ తీయడానికి ఏమీ మిగలదు. అందుకని ఆ రాయి మీద అయిదే అయిదు చోట్ల తీయనిచ్చారు. నాలుగు అయిపోయాయి. రెండు నున్నటి భాగంలో తీశాను, రెండు మధ్యలో ఉన్న గుంటల్లో తీశాను. నున్నటి చోట రెండు మూడు రేణువులు దొరికాయి. అవి పై మట్టిలోంచి వచ్చి ఉండొచ్చు అంటారు. గుంటల్లో ఏమీ లేదు. ఒక్కటి కూడా. "పిండి నూరిన రాయి అయితే గుంటల్లో పిండి ఉండాలి కదా?" అంటారు పెద్దసారు. ఇంకో మాట కూడా అంటారు. మధ్యలో గుంటల అంచులు పదునుగా ఉన్నాయి. ఆ గుంటలు పడ్డ తర్వాత నూరి ఉంటే అంచులు అరగాలి. అరగలేదు కాబట్టి నూరలేదు. రెండూ న్యాయమైన మాటలే.

ఒక్క చోటు మిగిలింది. అది ఎక్కడ తీయాలో నాకు తెలియడం లేదు.

రాయిని పంపలేను. దాని ప్లాస్టర్ అచ్చు పోసి పంపుతున్నాను. చిన్న గీత కూడా పోకుండా పోశాం. మీ మూడో రాయి, ఒకటో రాయి కూడా పంపుతున్నాను. చూసి చెప్పండి. దయచేసి, ఈసారి మీకు తేలిగ్గా అనిపించింది కూడా రాయండి. అదే ముందు రాయండి.

మీ కోడలు

*

అక్టోబరు 18

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

అచ్చు అందింది. కన్ను నమ్మను ఈమధ్య. వేలితో చూశాను. మూడు రోజులు చూశాను. తేలిగ్గా అనిపించినవి కూడా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది.

ఎముక కొట్టిన దెబ్బ వేరు. ఎముక ఒక్కచోటే పెడతాం, ఒక్కచోటే కొడతాం. నా మూడో రాయి చూడు, మధ్యలో ఒకే గుంట, లోతు. పక్కన అక్కడక్కడా తప్పిన దెబ్బలు. నీ రాయి అలా లేదు. దెబ్బలు పలచగా, పక్కపక్కన, అవతలి అంచు నుంచి ఇవతలికి వచ్చాయి. ఎముక కొట్టేవాళ్ళు వరుస చూసుకోరు.

అన్నీ ఒకవైపుకు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం మనిషి. సన్నటి కొస దగ్గర కూర్చుంది. వెడల్పు కొస అవతల.

ఒకసారి పెట్టినవి కావు. పాత గంట్ల మీద కొత్తవి పడ్డాయి. పాతవి సగం అరిగాయి. వేలు పెడితే పల్లం తెలుస్తుంది కానీ గుచ్చుకోదు. కొత్తవి గుచ్చుకుంటాయి. అంటే పెట్టడం, నూరడం, నున్నబడితే మళ్ళీ పెట్టడం. చాలాసార్లు జరిగింది.

కొత్తవాటిలో పిండి లేదన్నావు. కొత్తవాటిలో ఎలా ఉంటుంది? అవి పెట్టాక నూరలేదు. ఆ మాట మీ సారు కూడా చెప్పారు. ఆయన చెప్పింది కరెక్టే.

నున్నటి చోట కూడా ఉండదు. చేత్తో పట్టుకుని నూరే చేతిరాయి ప్రతిసారీ ఊడ్చుకుపోతుంది.

పిండి కూరుకునేది సగం అరిగిన గంట్లలో. అందులోనూ అవతలి అంచున. చేతిరాయి అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది, అక్కడ బరువు పడదు, పిండి పేరుకుంటుంది. మరరాళ్ళలో కూడా అలాంటి చోటే నాకు అవస్థ. ముందు పుల్లతో గీకి పిండి అంతా తీసి తర్వాత ఉలి పెట్టేవాణ్ణి. రాయిలా గట్టిపడి ఉండేది. యాభై ఏళ్ళు గీకాను.

దాని మీద నూరిన ఆవిడ గీకలేదు అనిపిస్తోంది. లేకపోతే గీకినా అంచుదాకా రాలేదు. నేనూ కొన్నిసార్లు అంచు వదిలేసేవాణ్ణి.

అచ్చు మీద అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టాను. నా రాళ్ళతో సహా తిరిగి పంపుతున్నాను.

నా మాట మీద తీసెయ్యకు. నువ్వూ ఆలోచించు. ఒక్కటే మిగిలిందన్నావు. నాకు భయంగా ఉంది.

మీ మామయ్య

*

నవంబరు 7

మామయ్యకి,

మీరు సున్నా చుట్టిన చోటే తీశాను. నాకూ భయమే. మైక్రోస్కోపు దగ్గర పక్కన ఎవరూ లేకుండా చూసుకున్నాను.

నూట ముప్ఫై రేణువులు. మామయ్యా, నూట ముప్ఫై. కొన్ని గడ్డి గింజలవి, ఎక్కువ దుంపవి. కొన్ని నలిగి పగిలి ఉన్నాయి, మీ రెండో రాయిలో మీరు నూరిన దుంప రేణువుల్లాగే. పై మట్టిలో అలాంటివి లేవు. మీ రాళ్ళు పనికిరావని రాశాను. ఇప్పుడు నా బల్ల మీద వాటికే ముఖ్యమైన చోటు. నాలుగోదాన్ని పెయింటుతో సహా ఉంచుకున్నాను, తలుపుకు అడ్డం పెట్టుకున్నాను.

పెద్దసారు చాలాసేపు చూశారు. తర్వాత, "పిండి ఉంది, సరే. ఆ గుంటలు గంట్లేనని ఎవరు చెప్తారు? నువ్వు చెప్తే సరిపోదు. నువ్వు గంట్లు గుర్తుపట్టడం నేర్చుకుంది మొన్నమొన్ననే" అన్నారు. అదీ న్యాయమే. గంట్లు కాకపోతే, అప్పుడప్పుడు నూరారు, ముఖ్యంగా ఎముకలే కొట్టారు అనవచ్చు. తవ్వకం ఆపి గుంట పూడ్చవచ్చు.

కమిటీ డిసెంబరు నాలుగున. మీరు రావాలి. వచ్చి చెప్పాలి. స్టేషన్ నుంచి నేనే తీసుకొస్తాను. మన ఇంట్లోనే ఉంటారు.

ఒక్క మాట. మీరు "ఆవిడ" అని రాస్తున్నారు. అక్కడ అనకండి, పట్టుకుంటారు.

మీ కోడలు

*

నవంబరు 16

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

నూట ముప్ఫై సంగతి చదివి సంతోషించాను.

రావడం కుదరదు. మీ అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. వదిలి రాలేను.

అది కాక, నాకు మాట్లాడటం రాదు. నీకు తెలుసు. అయిదో తరగతిలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏడు ఎనిమిదులు ఎంత అని నన్నే లేపాడు. నాకు వచ్చు. నోట్లోదాకా వచ్చింది. బయటికి రాలేదు. కూర్చో అన్నాడు. ఆ ఏడే బడి మానేశాను. రాళ్ళు అడగవు గదా అని ఈ పనిలో చేరాను.

అక్కడికి వచ్చి నేను నిలబడిపోతే నీ అయిదేళ్ళూ పోతాయి. ఉత్తరంలో రాసింది చూపించు. కావాలంటే ఇంకా రాస్తాను. సంతకం పెడతాను.

మీ మామయ్య

అత్తయ్య రాస్తున్నది. ఈ ఉత్తరం అంటించమని నా చేతికే ఇచ్చారు, నేను చదవననుకున్నారో ఏమో. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. డిసెంబరు మూడుకు టికెట్టు తీయించాను. పలుగురాయి సంచిలో పెట్టాను. ఆయన రెండు పూటలా ఆ సంచి వైపు చూస్తున్నారు, తీయడం లేదు. అంటే వస్తారు.

*

డిసెంబరు 9

మామయ్యకి,

క్షేమంగా చేరారని అత్తయ్య ఫోన్ చేసింది. అక్కడ ఏం జరిగిందని అడిగితే "అయింది" అన్నారట. అందుకని నేను రాస్తున్నాను, చదివి వినిపించండి. మీకూ కొంత తెలియదు. మీరు తల ఎత్తలేదు కాబట్టి ఎవరి మొహం ఎలా ఉందో చూడలేదు.

అత్తయ్యా, పొడుగాటి బల్ల. ఏడుగురు. ముందర నీళ్ళ గ్లాసులు. మామయ్య కుర్చీలో కూర్చోలేదు. "వద్దండీ" అని పక్కనే నేల మీద, పలక రాయి పెట్టిన చోట కూర్చున్నారు. అధ్యక్షురాలు "గంట్లేనని ఎలా చెప్పగలరు?" అంది. ఈయన నోరు కదిపారు. మాట రాలేదు.

అప్పుడు సంచిలోంచి పలుగురాయి తీశారు. నేను తెచ్చి పెట్టిన కొత్త పలక ముందుకు లాక్కున్నారు. కొట్టడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు కొట్టారు. ఫోను చూసుకుంటున్న ఒకాయన ఫోను బోర్లా పెట్టేశాడు. అధ్యక్షురాలు లేచి వచ్చి ఈయన పక్కన నేల మీద కూర్చుంది. పని అయ్యాక ఈయన ఆమె వేలు పట్టుకుని, అవును మామయ్యా, పట్టుకున్నారు, ముందు కొత్త గంట్ల మీద, తర్వాత మా రాతి మీద పెట్టించారు. ఆమె "ఓ" అంది. అంతే.

ఎముకల సారు అప్పుడు అడిగారు. "మరి పైవి అరగలేదేం?"

"ఇంకా నూరలేదండీ."

"ఎందుకు?"

"రేపు నూరుదామని పెట్టుకుంది."

తర్వాత ఆయనే, మెల్లగా, "పెట్టుకుంది అంటున్నారు. ఆడమనిషి అని ఎలా తెలుసు?" అన్నారు.

"తెలీదండీ. మా ఇంట్లో ఆవిడ నూరుతుంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపు ఎందుకు నూరలేదు మరి?" అన్నారు.

"తెలీదండీ."

మా వాళ్ళలో ఎవరినైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే మూడు కారణాలు చెప్పేవాళ్ళు.

గుంట పూడ్చడం లేదు. ఇంకో రెండేళ్ళు తవ్వుతాం. నిన్న బీరువా తెరిస్తే, పలుగురాళ్ళ దగ్గర పాత చీటీ లేదు. కొత్తది ఉంది, పెద్దసారు దస్తూరీలో: "గంట్లు పెట్టే రాళ్ళు." నాకు చెప్పకుండానే మార్చారు.

మీ కోడలు

*

డిసెంబరు 22

రాళ్ళమ్మకి,

మామయ్య రాసేది.

నీ ఉత్తరం మీ అత్తయ్య నాలుగుసార్లు చదివించుకుంది. నిజంగా మాట్లాడారా అంది. మాట్లాడాను అన్నాను. వేలు పట్టుకున్న సంగతి ఏమిటి అంది. నేను పెరట్లోకి వచ్చేశాను.

కమిటీ దగ్గర ఆ పలక రాయి మీద చెయ్యి పెట్టినప్పుడు చేతికి తొడుగు వేశారు. అయినా తెలిసింది. అవతలి అంచున రెండు గంట్లు వంకరగా పడ్డాయి. అచ్చు మీద నేను గమనించలేదు. ఆ గంట్లు పెట్టిన ఆవిడకూ చెయ్యి వణికేదేమో. అక్కడ చెప్పలేదు. చెప్పేంత గట్టిగా తెలియదు.

మన పెరట్లో మీ అత్తయ్య నూరుడు రాయి ఉంది గదా. మిక్సీ వచ్చాక దాని మీద బకెట్టు పెడుతున్నాం. వచ్చిన మర్నాడు బకెట్టు తీసి చూశాను. నున్నబడిపోయింది. పలుగురాయితో గంట్లు పెట్టాను. ఇప్పుడు దీని మీద ఎవరు నూరుతారు అంది మీ అత్తయ్య. నాకూ తెలియదు. వారం అలాగే ఉంది.

నిన్న ఒక ఆలోచన వచ్చింది. ఎప్పటికో ఎవరో మన పెరడు తవ్వుతారు. వాళ్ళలోనూ ఒక ఎముకల సారు ఉంటాడు. అరగని గంట్లు చూసి, ఈ ఇంట్లో ఎముకలు కొట్టారు అని చీటీ రాస్తాడు. ఆ మాటే మీ అత్తయ్యతో అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి పిడికెడు గింజలు తెచ్చింది. కూర్చుని నూరింది. మోకాళ్ళు నిజంగానే బాగున్నాయి.

నూరి లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కాసేపు నా మొహం చూసింది. నీళ్ళు పక్కన మొక్కకు పోసింది.

రాయి కడగలేదు.

మీ మామయ్య